తుపాకీ లేని ఆత్మహత్య

ఒక ముసలాయన తన గదిలో చచ్చిపడి ఉన్నాడు. తలుపుకి లోపలినుంచి తాళం, గడియ, అవి చాలవన్నట్టు ఇంకో అడ్డకమ్మీ. కిటికీ మూసి కొక్కెం పెట్టి ఉంది. ఎండాకాలం. ప్రాణం పోయి వారాలు దాటింది. వాసన భరించలేక పక్కవాటాల వాళ్ళు కబురు చేస్తే పోలీసులొచ్చారు. తలుపు బద్దలుకొట్టారు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఒక చూపు చూశారు, బయటికొచ్చి ఆత్మహత్య అని రాసుకున్నారు. అన్నీ లోపలినుంచే వేసుంటే ఇంకేమవుతుంది? తర్వాత శవాన్ని కోస్తే ఒంట్లో తూటా దొరికింది. సరే, కాల్చుకుని పోయాడన్నమాట. ఆ కాగితం ఈ బల్ల మీదనుంచి ఆ బల్ల మీదికి పోయింది. కొన్నాళ్ళకి ఒకాయన దాన్ని తీరిగ్గా చదివి ఒక్క ప్రశ్న వేశాడు. మరి తుపాకీ ఏదయ్యా?

గదిలో తుపాకీ లేదు.

నవ్వొచ్చిందా? వస్తే ఈ కబుర్లు మీకే. రాకపోయినా కూర్చోండి, టీ చెప్పాను.

కంగారు పడకండి, ఇది మా గిద్దలూరు సంగతి కాదు. స్వీడన్ దేశం, స్టాక్‌హోమ్ నగరం, 1972. నవల పేరు ఇంగ్లీషులో ‘ది లాక్డ్ రూమ్’. రాసింది మాయ్ షోవాల్, పేర్ వాలో అనే జంట. 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసాయన మీద పది నవలలు రాశారు. ఒక్కోదానికి 30 అధ్యాయాలు, అన్నీ కలిపి 300. పిల్లల్ని పడుకోబెట్టాక రాత్రిళ్ళు కూర్చుని ఒక అధ్యాయం ఆవిడ, ఒక అధ్యాయం ఆయన రాసేవాళ్ళట. పదో నవల వచ్చిన 1975లోనే ఆయన పోయాడు. ఆవిడ 2020 దాకా ఉంది. నేను చెప్పేది ఎనిమిదో పుస్తకం. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికింది. అట్ట చిరిగింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. డిటెక్టివ్ నవల కొనేటప్పుడు చివరి పేజీలున్నాయో లేదో చూసుకోవాలి, చదవకుండా చూసుకోవాలి. అదొక విద్య.

నాది జిరాక్సు షాపు. తాలూకా ఊళ్ళో జిరాక్సు షాపంటే సగం రాతకోతల పనే. పొలం గట్టు తగాదా, పోయిన గేదె, మామ మీద కోడలు, కోడలి మీద మామ, అందరూ అర్జీ రాయించుకుని నాలుగు కాపీలు తీయించుకుపోతారు. ఎవరి బాధ ఏదైనా అర్జీ చివర్లో అందరిదీ ఒకటే పాట, తగు చర్యలు తీసుకోగలందులకు ప్రార్థన. ఆ తర్వాత ఆ కాగితం ఏమవుతుందన్నది నాకు ఎప్పుడూ ఉన్న కుతూహలం. ఈ నవల నాకు నచ్చడానికి అదే కారణం అనుకుంటాను. ఇందులో హంతకుడెవడు అన్నది రెండో సంగతి. కాగితం ఏమయింది అన్నదే అసలు కథ.

చూడండి, ఆ మొదటి పోలీసులు చెడ్డవాళ్ళు కాదు. ఎవడూ లంచం తినలేదు. ఎవడూ హంతకుడికి చుట్టం కాదు. తలుపు కొట్టినవాడు చావు ఎట్టా వచ్చిందన్నది డాక్టరు చూసుకుంటాడనుకున్నాడు. డాక్టరు తూటా సంగతి రాసి, తుపాకీ సంగతి పోలీసులు చూసుకుంటారనుకున్నాడు. ఫైలు పెట్టినవాడికి పై వారం నుంచి సెలవు. అందరూ నిజమే రాశారు, అందరూ వేళకి భోజనానికి వెళ్ళారు, మధ్యలో ఒక హత్య కనపడకుండా పోయింది. రచయితలు ఎక్కడా పళ్ళికిలించరు. ‘చూశారా ఎంత హాస్యమో’ అని మోచేత్తో పొడవరు. పంచనామా రాసినట్టు పొడిపొడిగా చెప్పుకుపోతారు. ఆ పొడిదనంలోనే నవ్వు. నల్లటి నవ్వు.

ఈ ఫైలు మార్టిన్ బెక్ చేతికి ఎట్టా వచ్చిందంటారా? ఏడో నవల చివర ఆయనకి తూటా తగిలింది. ఏడాదికి పైగా వైద్యంలో ఉండి లేచాడు. లేచీ లేవగానే పెద్ద పనెందుకు, పాపం, కాలక్షేపానికి ఏదైనా ఇద్దామని ఈ పాచిపోయిన కేసు ఇచ్చారు. రిటైరైనవాళ్ళకి గుడి కమిటీ పని ఇస్తారు చూడండి, అట్టా. ఆయనకి అదే కావాలి. ఒంటరి మనిషి, కాపురం చెడింది, పైవాళ్ళ మీటింగులంటే కడుపులో మంట. తాళాలేసిన గది గురించి ఆలోచించుకుంటూ ఆయన ఒక్కడే తిరుగుతుంటాడు.

అదే సమయంలో ఊళ్ళో మిగతా పోలీసులంతా ఇంకో దాని వెనక పరిగెత్తుతున్నారు. ఒక ఆడమనిషి నల్లద్దాలు, టోపీ పెట్టుకుని బ్యాంకులోకి వచ్చి దోచుకుంది. అడ్డం వచ్చిన ఖాతాదారు తూటా తగిలి పోయాడు. బ్యాంకు దొంగల్ని పట్టడానికి ఒక ప్రత్యేక దళం, దానికి నాయకుడిగా ఒక ప్రాసిక్యూటరు. ఆయన్ని అందరూ బుల్‌డోజర్ ఓల్సన్ అంటారు. నిద్రపోడు, పోనివ్వడు, ఓడిపోయినా ఉత్సాహం తగ్గదు. ఇట్టాంటి ఆఫీసరు మీ ఆఫీసులోనూ ఉండే ఉంటాడు, పేరు చెప్పకండి. ఆయన దళం ఒక ఖాళీ వాటా మీద దాడి చేసే ఘట్టం ఉంది. నేను షాపులో కూర్చుని చదువుతూ బయటికే నవ్వాను, ఆధార్ కాపీ తీయించుకుంటున్న పెద్దాయన తన ఫోటో చూసి నవ్వాననుకుని నొచ్చుకున్నాడు. కరుడుగట్టిన దొంగలు లోపలున్నారనుకుని తుపాకులు, కుక్క, బాష్పవాయువు అన్నీ సిద్ధం చేసుకుని దూకుతారు. లోపల పురుగు లేదు. పోలీసులకి పోలీసులే దెబ్బలు తగిలించుకుని బయటపడతారు. ఆ తర్వాత దొంగల పథకం కాగితాలు చేతికి చిక్కుతాయి. దాని ప్రకారం బలగమంతా స్టాక్‌హోమ్‌లో బ్యాంకు చుట్టూ మాటు వేస్తే, దొంగలు మాల్మో అనే ఇంకో ఊళ్ళో అదే పథకం ప్రకారం నిమ్మళంగా దోచుకుపోతారు.

మా పక్కింట్లో ఒక రిటైర్డు హెడ్‌కానిస్టేబులు ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఈ కథ ఆయనకి చెప్పాను, తలుపులు, గడియలు, లేని తుపాకీ అంతా. ఆయన శ్రద్ధగా విన్నారు. హంతకుడెవడని అడుగుతారేమో, కిటికీ కొక్కెం సంగతి అడుగుతారేమో అనుకున్నాను.

“అది సరే అబ్బాయ్, ఆ ఇల్లు ఏ స్టేషను కింద కొస్తదీ?” అన్నారు.

నేను తెల్లబోతే ఆయనే విడమర్చారు. “నువ్వు కథ ముందునుంచి చదువుతున్నావు. మేము హద్దు నుంచి చదువుతాం.”

గిద్దలూరు వాడికి ఈ మాట చెప్పనక్కర్లేకుండానే అర్థం కావాలి. మా ఊరే హద్దు మీద ఉంది. పడమటికి నల్లమల ఎక్కి, దిగువమెట్ట దాటి ఘాటురోడ్డులో పోతే నంద్యాల వైపు దిగుతాం. దక్షిణంగా పోతే కడప జిల్లా, కలసపాడు, పోరుమామిళ్ళ. అడవి అడవిశాఖది. ఆ అడవిలోంచి పోయే గుంటూరు నంద్యాల రైలుపట్టా మీద ఏం జరిగినా రైల్వే పోలీసులది. ఇక జిల్లా అంటారా, మేము కదలకుండానే జిల్లాలు మారుతుంటాయి. 1970 దాకా కర్నూలు. ఆ ఏడు ఒంగోలు జిల్లా పెట్టి మమ్మల్ని అటు వేశారు. 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. ఇప్పుడు మార్కాపురం జిల్లా అంటున్నారు. మా తాతల నాటి తగాదా కాగితాలు కర్నూల్లో, నాన్నల నాటివి ఒంగోల్లో. తగాదా మాత్రం ఇక్కడే ఉంది.

ఇట్టాంటి చోట పట్టా పక్కన ఒక శవం కనపడిందనుకోండి. ముందు టేపు కావాలి, పట్టాకి ఎంత దూరం ఉందో కొలవడానికి. ఎవరిదో తేలేదాకా మనిషి చచ్చినట్టు కాదు. హెడ్డుగారు చెప్పింది, ఏ కాలంలోనో, ఏ స్టేషనో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు: రాత్రి పొద్దుపోయాక ఒక హద్దు రాయికి ఇవతల ఉన్న శవం తెల్లారేసరికి అవతల ఉండేదట. మర్నాడు రాత్రికి మళ్ళీ ఇవతలికి వచ్చేదట. “బతికున్నప్పుడు ఆయన అంత తిరిగి ఉండడు” అని ఆయన ముఖంలో ఏ భావమూ లేకుండా చెప్పారు. ఇప్పుడు అట్టాంటివి కుదరవనుకోండి. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేసి తర్వాత సొంత స్టేషనుకి పంపాలని స్పష్టంగానే రాశారు. అనుమానాస్పద మృతికి 174 అని అందరి నోటా నానిన సెక్షను కూడా 194 అయింది. హెడ్డుగారు మాత్రం ఇప్పటికీ 174 అనే అంటారు.

విచిత్రం చూడండి, ఇదే జంట రాసిన నాలుగో నవల ‘ది లాఫింగ్ పోలీస్‌మాన్’లోనూ హద్దు గోల ఉంది. 1968లో వచ్చిందది. రాత్రి, వాన, రోడ్డు దిగి నిలబడిపోయిన సిటీ బస్సు, లోపల కాల్చి చంపిన మనుషులు. ఆ బస్సు ఆగింది స్టాక్‌హోమ్‌కీ పక్కనున్న సోల్నాకీ మధ్య హద్దు దగ్గర. మొదట చూసిన ఇద్దరు గస్తీ పోలీసులు పని తప్పించుకు తిరిగే రకం. పాపం, ఆ రాత్రి పని వాళ్ళకే ఎదురైంది. వాళ్ళ పేర్లు క్రిస్టియాన్సన్, క్వాంట్. బూట్లతో బస్సంతా తొక్కి ఆనవాళ్ళన్నీ పాడుచేస్తారు. హెడ్డుగారి అరుగుకీ స్వీడన్‌కీ మధ్య దూరం నేననుకున్నంత లేదు.

ఆ నవల పేరు వెనక ఒక గ్రామఫోను రికార్డుంది. చార్లెస్ పెన్‌రోజ్ అనే ఇంగ్లీషాయన పాడిన నవ్వుల పాట. క్రిస్మస్‌కి కూతురు ఆ రికార్డు తెచ్చి పెడితే ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకుంటారు, బెక్‌కి మాత్రం పెదవి కదలదు. ఆ పాట బాణీ అంతకుముందే జార్జి జాన్సన్ అనే నల్లజాతి గాయకుడిది. అమెరికాలో రికార్డులు పుట్టిన కొత్తల్లో, ఒకదాన్నుంచి పది తీసే యంత్రం లేక, ఆయన అదే నవ్వు పాటని వేలసార్లు పాడి నవ్వాల్సి వచ్చింది. 1899లో ఆయన మీద హత్య కేసు పెట్టి కోర్టుకి లాగారు. నిర్దోషిగా బయటపడ్డాడు. నవలలో లేదిది. నవలలో పెట్టి ఉంటే అతికించారని అనేవాళ్ళం.

మరి మన తెలుగులో ఇట్టాంటి పోలీసు నవల ఏదీ అని మీరడుగుతారు. నేనూ అడుగుతున్నాను.

మనకి డిటెక్టివులకి కరువు లేదు. మొదట బెంగాలీ నుంచి పాంచకడీ దేవ్ నవలలు దిగాయి. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు. టెంపోరావు, విశ్వప్రసాద్, మధుబాబు గారి షాడో. అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకింత అని తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదవని వాడు మా తరంలో ఎవడున్నాడు? నంద్యాల నుంచి మీటరుగేజి బండిలో వచ్చేటప్పుడు బొగద చీకట్లోకి బండి దూరితే, యుగంధర్ కూడా సరిగ్గా అక్కడే చీకటిగదిలో ఉండేవాడు. ఆ సుఖం వేరు. కానీ గమనించారా, వాళ్ళలో యుగంధర్ ప్రైవేటు మనిషి, షాడో గూఢచారి. స్టేషనులో కూర్చునే మామూలు పోలీసు ఎక్కడ? చివరి అధ్యాయంలో బేడీలు తీసుకొస్తాడు. సినిమాలో అయితే ఇంకా ఆలస్యం.

బెంగాలీలో అసలు మొదలుపెట్టిందే పోలీసాయన. ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ కలకత్తా డిటెక్టివ్ శాఖలో ఉద్యోగం చేసి, 1892 నుంచి ‘దారోగార్ దఫ్తర్’ పేరుతో తన కేసులే కథలుగా నెలనెలా వేశాడు. మనం దిగుమతి చేసుకున్నప్పుడు దారోగాని రేవులోనే వదిలేసి ప్రైవేటు డిటెక్టివుని తెచ్చుకున్నట్టున్నాం. ఎందుకంటే నా ఊహ ఇది. పాఠకుడికి స్టేషనంటే భయం. భయపడే చోట తీరిగ్గా కూర్చుని కథ వినలేం. యుగంధర్ ఇంటికైతే ఎవరైనా వెళ్ళొచ్చు, కాఫీ ఇస్తాడు.

నల్లటి నవ్వు మనకి లేదనను. అది డిటెక్టివ్ నవలల బీరువాలో లేదు, ఇంకో బీరువాలో ఉంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు, అదే మన రావిశాస్త్రి, విశాఖలో ప్లీడరు. 1948 నాటికి అప్పటి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, కర్నూలు జిల్లాలో ఉన్న మా గిద్దలూరుతో సహా. నిషేధం రాగానే సారా ఎక్కడికీ పోలేదు, దాని చుట్టూ కేసులు పుట్టాయి. కేసుల చుట్టూ పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు, గుమాస్తాలు. ఆ తంతునంతా దగ్గరగా చూసిన ఆయన ‘ఆరు సారా కథలు’ రాశారు. అందులో ‘మాయ’ అని ఒకటి. సారా కేసులో పట్టుబడిన ఆడమనిషి, చట్టమంటే నమ్మకం ఇంకా చావని కుర్ర ప్లీడరుకి లోకం ఎట్టా నడుస్తుందో చెబుతుంది. పోలీసు నవలకి కావాల్సిన సరుకంతా ఆ ఒక్క కథలో ఉంది, పోలీసు పక్కనుంచి కాదు, పట్టుబడ్డ మనిషి పక్కనుంచి. స్వీడన్ జంట ఎంత వామపక్షమైనా ఆ కోణం వాళ్ళకి అంత ఒంటపట్టలేదు. వాళ్ళ పుస్తకంలో పేదవాళ్ళని చూసి జాలిపడతాం. రావిశాస్త్రి దగ్గర పేదవాళ్ళు మనల్ని చూసి జాలిపడతారు.

తర్వాత పతంజలి గారు. పత్రికల్లో పనిచేస్తూ, ఆ పత్రికల మీదే ‘పెంపుడు జంతువులు’, పోలీసుల మీద ‘ఖాకీవనం’ రాసిన మొండి మనిషి. 2009లో పోయారు. కానీ నన్నడిగితే ఆయన అసలు నేర నవల ‘గోపాత్రుడు’, దాని కొనసాగింపు ‘పిలక తిరుగుడు పువ్వు’. భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అని ఊళ్ళో తగాదా. అది కొట్లాట అయి కోర్టుదాకా పోతుంది. మన దేశంలో కోర్టుకెక్కలేని విషయం లేదన్న సత్యాన్ని అంత దర్జాగా చెప్పినవాళ్ళు లేరు. ఆ అర్జీ నా షాపులో జిరాక్సు తీయించి ఉంటే నేను ఊరికే తీసిచ్చేవాణ్ణి.

నవలల్లో అయితే పతంజలి ఉన్నారు, సరే. కానీ చట్టపు పుస్తకాలు తిరగేస్తే మన జనం స్వీడన్ వాళ్ళకి పాఠం చెప్పగలరని తెలుస్తుంది. పోలీసు దగ్గర నేరం ఒప్పుకున్నా ఆ మాట కోర్టులో చెల్లదని మీకు తెలుసు కదా. తెల్లదొరల కాలంలోనే వాళ్ళకీ అనుమానం, పోలీసు ఎట్టా ఒప్పిస్తాడో అని. కానీ ఒక సందు వదిలారు. ముద్దాయి చెప్పినదాని వల్ల కొత్త సంగతి ఏదైనా బయటపడితే, అంతమేరకు చెల్లుతుంది. ఎంతమేరకు? ఆ కొలత చెప్పింది పులుకూరి కోటయ్య కేసు. 1944 డిసెంబరు చివర గుంటూరు జిల్లా పల్లెలో రెండు పక్షాల కొట్లాట, హత్యలు. గుంటూరు సెషన్సు కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1946 డిసెంబరులో తీర్పు. ఈటెతో పొడిచాను, దాన్ని మా ఊళ్ళో ఒక దొడ్లో దాచాను, ఆ చోటు చూపిస్తాను అన్నట్టుగా ముద్దాయి చెప్పిన వాంగ్మూలం. దొరలు దాన్ని కత్తెరతో రెండు చేశారు. దాచాను, చూపిస్తాను అన్నది చెల్లుతుంది. పొడిచాను అన్నది చెల్లదు. ఈటె దొరికిన మాట నిజం, పొడిచిన మాట ఈటె చెప్పదు కదా!

ఆ రోజునుంచి ఈ రోజుదాకా దేశంలో ఏ మూల స్టేషనులోనైనా ముద్దాయి వాంగ్మూలం రాస్తే, ఆ దొడ్డి నీడలోనే రాస్తారు. అందుకే ప్రతి పంచనామాలోనూ ముద్దాయి అంత వినయంగా, నా వెంట వస్తే చూపిస్తాను అంటుంటాడు. ప్రతి పంచనామాలోనూ ఇద్దరు పెద్దమనుషులు సరిగ్గా ఆ వేళకి అటుగా పోతుంటారు. ప్రతి ముద్దాయీ పోలీసుల్ని చూసి పారిపోవడానికి ప్రయత్నించి, నాలుగడుగుల్లో దొరుకుతాడు. ఇంత పెద్ద దేశంలో ఐదడుగులు పరిగెత్తినవాడు లేడు. హెడ్డుగారితో ఈ మాటంటే ఆయన మొదటిసారి నవ్వారు. “ఐదో అడుగు రాస్తే డిఫెన్సు ప్లీడరు, అంతసేపు ఏం చేస్తున్నావని నన్ను అడుగుతాడు” అన్నారు.

ఇక్కడ నవ్వు కాస్త గొంతులో అడ్డం పడుతుంది. పడాలి కూడా. ‘ది లాక్డ్ రూమ్’ ముగింపు చెప్పేస్తున్నాను, వద్దనుకున్నవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. గదిలో ముసలాయన్ని చంపినవాడెవడో మార్టిన్ బెక్ నిజంగానే కనుక్కుంటాడు. కిటికీ కొక్కెం రహస్యం కూడా విప్పుతాడు, అదెట్టాగో మాత్రం చెప్పను. కోర్టు ఆ కేసు కొట్టేస్తుంది. కానీ అదే మనిషికి బ్యాంకులో హత్య కింద శిక్ష వేస్తుంది, అది వాడు చెయ్యలేదు. చేసిన ఆవిడ దేశం దాటి వెళ్ళిపోయింది. లెక్క చూస్తే హత్యలు రెండు, శిక్ష ఒకటి, హంతకుడు జైల్లో. అన్నీ సరిపోయాయి, ఒక్క నిజం తప్ప. బుల్‌డోజర్ గారికి గెలుపు. గది రహస్యం విప్పిన బెక్‌కి మాత్రం, పాపం గాయంతో మెదడు అలసిపోయి ఊహించుకుంటున్నాడని పైవాళ్ళు ప్రమోషను ఆపేస్తారు. ఆ ప్రమోషను ఆయనకి మొదట్నుంచీ అక్కర్లేదు. పుస్తకం మొత్తంలో ఆయనకి దక్కిన అదృష్టం అదొక్కటే.

కథ కాబట్టి నవ్వాం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థినిని చంపారు. ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. 2010లో అతనికి యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి వయసులో మంచి ఏళ్ళన్నీ జైల్లోనే పోయాయి. ఆ అమ్మాయిని చంపిందెవరో తేల్చమని మళ్ళీ సీబీఐకి ఇచ్చారు. ఈ సంగతి తెలిసిన తెలుగువాడు ఆ నవల చివరి పేజీలు స్వీడన్ వాడు చదివినట్టు చదవలేడు.

అట్టాగే మా పాత జిల్లా కేంద్రం ఒంగోలు పరిసరాల్లో, 2008లో జాతీయరహదారి మీద అధికారుల వేషంలో లారీలాపి, డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి, పూడ్చిపెట్టి, సరుకు అమ్ముకున్న ముఠా ఉంది. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది. చెయ్యెత్తితే లారీ ఆగాలన్న మన అలవాటే వాళ్ళ పెట్టుబడి. దీన్ని నవల చేస్తే ఎక్కడ నవ్వాలి, ఎక్కడ ఆపాలి? ఆ చెయ్యి ఎత్తే ఘట్టం దగ్గర మాత్రమే అనుకుంటాను. ఆపైన కాదు.

ఇంత మెచ్చుకున్నాను కదా, తిట్టడం మరిచిపోతానేమో. మొదటిది, ఈ జంటకి ఉపన్యాసాల పిచ్చి. స్వీడన్ సంక్షేమరాజ్యం ఎట్టా చెడిపోయిందో చెప్పడానికి కథని పక్కన నిలబెట్టి పేజీలకి పేజీలు దంచుతారు. మొదటి పుస్తకాల్లో లేదీ జబ్బు, పోనుపోను ముదిరింది. ‘ది లాక్డ్ రూమ్’ మధ్యభాగం చదివేటప్పుడు నేను రెండు మూడు పేజీలు వేలితో కొలిచి దాటాను, ఏమీ పోలేదు. రెండోది, గస్తీ తిరిగే చిన్న పోలీసుని వాళ్ళు మరీ వెర్రివెంగళప్పని చేస్తారు. పైనున్న డిటెక్టివులకి ఒక్కొక్కరికీ ఒక్కో గుణం, ఇల్లు, కడుపునొప్పి, అన్నీ ఇచ్చి, కింద వాళ్ళకి బూట్లు మాత్రం ఇచ్చారు. సెలవు దొరకని, బందోబస్తుకి తిరణాళ్ళ వెంట తిరిగి కాళ్ళు వాచిన కానిస్టేబులు మూర్ఖుడు కాదు, అలసిపోయినవాడు. ఆ తేడా అరుగు మీద కూర్చున్న మా హెడ్డుగారిని చూస్తే తెలుస్తుంది. మూడోది, చిన్న ఫిర్యాదే. బెక్‌కి ఇంటి యజమానురాలు ఒకావిడతో స్నేహం కలుపుతారు. ఆవిడ బాగా వండుతుంది, బాగా మాట్లాడుతుంది, ముసలాయన కేసులో ఈయన కంటే ముందే ఆలోచిస్తుంది. అన్నీ బాగా చేస్తుంది, అదే తంటా. ఇంత మందిలో ఒక్క మనిషికి లోపం పెట్టడం మరిచారు.

మన దగ్గర ఎవరైనా ఇట్టాంటి నవల రాస్తే హీరో ఎవరుండాలో మాత్రం నేను ఖాయం చేసుకున్నాను. ఎస్సై వద్దు, బదిలీ అయిపోతాడు. స్టేషను రైటరు ఉండాలి. ఊళ్ళో జరిగేదంతా ఆయన పెన్ను కిందినుంచే పోతుంది. ముద్దాయి ఎన్ని అడుగులు పరిగెత్తాలో నిర్ణయించేది ఆయనే. శవం హద్దుకి ఇవతలా అవతలా అన్నది ఆయన రాస్తే గానీ భూమికి కూడా తెలియదు. మీలో ఎవరైనా రాసేట్టయితే చెప్పండి, హెడ్డుగారిని పరిచయం చేస్తాను. ఆయన మాట్లాడాలంటే మాత్రం, మొదట కాసేపు వానల గురించి, కంభం చెరువులో నీళ్ళ గురించి మాట్లాడాలి.

చదవాలనుకునేవాళ్ళకి ఒక మాట. పది నవలలూ వరసలో చదవాలన్న పట్టింపు అక్కర్లేదు గానీ, ఏడోది చదివి ఎనిమిదోదానికి వస్తే బెక్ ఎందుకంత నీరసంగా ఉన్నాడో తెలుస్తుంది. పుస్తకం కోసం నన్ను మాత్రం అడక్కండి. కొమరోలు ఆయనొకరు వారంలో ఇస్తానని తీసుకుపోయారు, వానాకాలం కూడా వెళ్ళిపోయింది. గట్టిగా అడుగుదామంటే ఊరు వేరు, మండలం వేరు, స్టేషను వేరు.